దూరపు పక్షి, దగ్గరి చిత్రము

నేలపట్టు చెరువుగట్టుననున్న వాచ్ టవరుపై, ఒక జనవరి ఉదయమున, నాకొక కళాశాల విద్యార్థి కలిసెను. నీటిలో నిలిచి పెరిగిన చెట్లమీద గూడబాతులు వందలుగా గూళ్ళు కట్టుకొనియున్నవి. తల్లులు చేపలతో వచ్చి వ్రాలుట, పిల్లలు తల్లి గొంతుసంచిలోనికి తల దూర్చి మేత తీసికొనుట, ఒకదాని చోటికి మరియొకటి వచ్చినప్పుడు ముక్కులు టకటక కొట్టుకొనుట, అంతయు కన్నులపండువుగా ఉన్నది. కుర్రవాడు గంటసేపు ఎడతెగక చిత్రములు తీసెను. తరువాత కెమెరా వెనుకనున్న తెరలో వాటిని చూచుకొని ముఖము చిన్నబుచ్చుకొని నాకు చూపెను. అరటియాకుపై చల్లిన నువ్వుగింజలవలె పక్షులు కనబడుచున్నవి. ఏది తల్లియో ఏది పిల్లయో తెలియదు.

"మాస్టారూ, కంటికి ఇంత బాగా కనబడ్డాయి గదా, కెమెరాకు ఎందుకు కనబడలేదండీ? పెద్ద లెన్సు కొనాలంటారా? ధాన్యం అమ్మిన డబ్బులో కొంత ఇస్తానని నాన్నగారు అన్నారు. చాలకపోతే అప్పు చెయ్యమంటారా?" అని అడిగెను.

ఆ ప్రశ్న ఆ కుర్రవానిదే కాదు. నేడు కెమెరా లేని ఇల్లు అరుదు. జేబులోని టెలిఫోనులోనే ఒకటి ఉన్నది. పండుగనాడు పిల్లలను తీసినంత సులభముగా పాలపిట్టను తీయవచ్చునని బయలుదేరి, కరెంటు తీగపై ఒక నీలిచుక్కను ఇంటికి తెచ్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఈ పనియే వృత్తిగా గలవారు మోసికొని తిరుగు 600 మిల్లీమీటర్ల పెద్ద కటకము వెల చిన్న మోటారు కారు వెలను దాటును. దానిని కొనజాలని గృహస్థు ఏమి చేయవలెను? చేయదగినవి చాల ఉన్నవి. కాని వాటిలో ఏదియు ఉచితము కాదు. ఒకటి వెలుతురును పుచ్చుకొనును, ఒకటి స్పష్టతను పుచ్చుకొనును, ఒకటి మన ఓపికను పుచ్చుకొనును. ఏది దేనిని పుచ్చుకొనునో ముందుగా తెలిసికొనినచో ధాన్యపు సొమ్ము వృథా కాదు.

మొదట కంటి సంగతి. మనస్సు పక్షిని మాత్రము పట్టుకొని చుట్టునున్న నీటిని, ఆకాశమును విడిచిపెట్టును. కెమెరాకు అట్టి పక్షపాతము లేదు. దానిలోని కటకము ఎదుటనున్న సర్వమును తన వెనుకనున్న గ్రాహకఫలకముపై ప్రతిబింబముగా పడవేయును. ఈ ఫలకమునే సెన్సారు అందురు. ప్రతిబింబము ఎంత పెద్దదియో తెలియుటకు ఒక చిన్న లెక్క చాలును. కటకపు నాభ్యంతరమును పక్షి యున్న దూరముతో భాగించి, వచ్చినదానిని పక్షి పొడవుతో గుణింపవలెను. గూడబాతు పొడవు సుమారు 140 సెంటీమీటర్లు. అది 100 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. కుర్రవాని కెమెరాతో పాటు వచ్చిన కటకపు నాభ్యంతరము 18 నుండి 55 మిల్లీమీటర్ల వరకు మారును. దానిని 55 వరకు లాగినను ప్రతిబింబము ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. ఆ సెన్సారు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. అనగా ముప్పది గూడబాతులు వరుసగా నిలిచిననే గాని ఫలకము నిండదు. పక్షి నువ్వుగింజ యగుటలో వింత ఏమున్నది?

అదే చోట 300 మిల్లీమీటర్ల కటకమున్నచో ప్రతిబింబము 4.2 మిల్లీమీటర్లగును. మన కాలువగట్ల మీద కనబడు తెల్లరొమ్ము లకుముకి పిట్ట, కొన్ని యూళ్ళలో బుచ్చిగాడందురు, సుమారు 28 సెంటీమీటర్లుండును. అది 20 మీటర్ల దూరమున కూర్చున్నను అదే కటకముతో సరిగా 4.2 మిల్లీమీటర్లే వచ్చును. కావున పెద్దపక్షి దూరము, చిన్నపక్షి దూరము ఒకటి కావు. ఈ లెక్కలో మూడే అంకెలున్నవి. పక్షి పొడవును మనము మార్చలేము. మిగిలినవి నాభ్యంతరము, దూరము. మొదటిదానిని దుకాణములలో అమ్ముదురు. రెండవదానిని ఎవరును అమ్మరు గనుక దానిని గూర్చి ప్రకటనలును లేవు.

కొనుటకు పూర్వము, చేతిలో ఉన్నదానిని పూర్తిగా వాడుకొంటిమా అని చూచుకొనవలెను. చిత్రమును అంచుల వెంట కత్తిరించి పక్షి యున్న భాగమును మాత్రము నిలుపుకొనుట అన్నిటికంటె చౌక యైన ఉపాయము. దీనిని కొందరు మోసమని తలంతురు. వెనుకటి ఫోటోగ్రాఫర్లు చీకటిగదిలో నెగటివులో కొంతభాగమునే పెద్దది చేయుట మోసము కానప్పుడు ఇదియు కాదు. 24 మెగాపిక్సెళ్ల సెన్సారుపై వెడల్పున 6,000 చుక్కలుండును. 4.2 మిల్లీమీటర్ల పక్షి వాటిలో వేయికి పైగా ఆక్రమించును. పోస్టుకార్డంత అచ్చునకు వెడల్పున 1,800 చుక్కలు చాలును గనుక, కత్తిరించిన తరువాత పక్షి ఆ కార్డులో సగమునకు మించి నిండును. గోడకు తగిలించు పెద్ద పటమునకు అది చాలదు, ఆల్బములో పెట్టుకొనుటకు నిక్షేపముగా చాలును. 55 మిల్లీమీటర్లతో తీసిన గూడబాతునకు 200 చుక్కలే దక్కినవి. దానిని ఎంత పెంచినను గడులు కనబడునే గాని ఈకలు కనబడవు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. చిన్న సెన్సారు కెమెరాలో 300 మిల్లీమీటర్ల కటకము 450 అగునని అందరును చెప్పుదురు. కటకము మారదు. 36 మిల్లీమీటర్ల వెడల్పుగల పెద్ద సెన్సారుపై పడవలసిన దృశ్యములో నడిమి భాగము మాత్రమే చిన్నదానిపై పడును, అనగా కత్తిరింపు ముందుగానే జరిగిపోవును. అయినను లాభము లేకపోలేదు. 24 మెగాపిక్సెళ్ల పెద్ద సెన్సారు చిత్రమును ఆ మేరకు కత్తిరించినచో పదిన్నర మెగాపిక్సెళ్లకు పైన ఏ కొంచెమో మిగులును. అంతే సంఖ్యగల చిన్న సెన్సారు ఆ భాగములోనే మొత్తము 24 నిలుపుకొనును. కాబట్టి పక్షులకొరకు పాత చిన్న సెన్సారు కెమెరాను తీసివేసి ఖరీదైన పెద్దదానిని కొనవలెనను తొందర అక్కరలేదు. చీకటిలో పెద్దది మేలు. పట్టపగలు చెరువుగట్టున చిన్నదే డబ్బును మిగుల్చును.

ఇక కటకము. 55 నుండి 250 వరకు, లేదా 70 నుండి 300 మిల్లీమీటర్ల వరకు లాగదగిన సాధారణ జూమ్ కటకములను చాలమంది కొని, రెండేండ్లు వాడి అమ్మివేయుదురు. సెకండుహాండులో అవి సగము వెలకో ఇంకను తక్కువకో దొరకును. 2013, 2014 సంవత్సరములలో టామ్రాన్, సిగ్మా సంస్థలు 150–600 మిల్లీమీటర్ల జూములను తెచ్చిన తరువాత 600 అను అంకె మధ్యతరగతి వారికి కొంత అందుబాటులోనికి వచ్చినది. అయినను రెండు కిలోల బరువును మెడకు తగిలించుకొని తిరుగుట అందరి పని కాదు. పాతది కొనునప్పుడు దానిగుండ టార్చిలైటు వెలుతురును పంపి చూడవలెను. మన కోస్తా తేమలో బీరువాలో పెట్టిన కటకములకు లోపల సాలెగూడు వంటి బూజు పట్టును. అట్టిది ఎంత చౌకగా వచ్చినను వద్దు. అద్దము లేని కొత్తరకపు కెమెరా గలవారు, ఫిల్ము కాలపు పాత 200, 300 మిల్లీమీటర్ల కటకములను ఒక లోహపు ఉంగరముతో తగిలించుకొనవచ్చును. ఫోకసు చేతితో త్రిప్పుకొనవలసినదే. కొమ్మపై కూర్చున్న పక్షికి అది చాలును, ఎగురు పక్షికి కష్టము.

అందరిని ఆకర్షించునది కన్వర్టరు. కెమెరాకు, కటకమునకు మధ్య తగిలించు ఈ చిన్నగొట్టము నాభ్యంతరమును 1.4 రెట్లో, రెండు రెట్లో పెంచును. దీని మూలము కొత్తది కాదు. ఆంగ్ల గణితవేత్త పీటర్ బార్లో పేరుతో పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగముననే దూరదర్శినులలో అట్టి కటకమును వాడుచుండిరి. కూడుకొనుటకు పోవుచున్న కిరణములను పుటాకార కటకమొకటి కొంచెము విడదీసి దూరముగా కూడునట్లు చేయుటయే అందలి కిటుకు. కాని పెద్ద కటకము ముందునుండి లోనికి వచ్చు వెలుతురు పెరుగలేదు గదా! ఉన్న వెలుతురే ఎక్కువ చోటునకు పరచబడును, గంజి పలుచనైనట్లు. 1.4 రెట్ల కన్వర్టరు వెలుతురును సగమునకు, రెండు రెట్లది నాలుగవ వంతునకు తగ్గించును. ఎఫ్ 5.6 గల కటకము మొదటిదానితో ఎఫ్ 8, రెండవదానితో ఎఫ్ 11 అగును. పాత కెమెరాలు అనేకము ఎఫ్ 5.6 దాటిన తరువాత తమంతట తాము ఫోకసు చేయజాలవు. ఇంతకును కెమెరా సంస్థలు చేయు మంచి కన్వర్టర్లు వారి ఖరీదైన కటకములకే అమరును, చౌక జూములకు తగులవు. పేదవాని ఇంటికి పనికిరాని పొదుపు ఇది. కటకపు లోపములను కూడ కన్వర్టరు పెద్దవి చేసి చూపును గనుక, సాధారణ జూము గలవారు 1.4 రెట్లు కత్తిరించుకొనుటయే మేలని నా అభిప్రాయము.

కటకము ముందువైపున మరలతో బిగించు చౌకగాజు ఒకటి కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణపు దుకాణములో "డబల్ దూరం లాగుతుందండీ" అని చెప్పగా నేనును కొంటిని. కొంగను తీసితిని. కొంగ పెద్దదైన మాట నిజమే. ఒకవైపు ఊదారంగు, మరియొకవైపు పచ్చరంగు అంచుపెట్టిన చీర కట్టుకొని వచ్చినది. ఆ గాజు ఇప్పటికిని మా మేజాసొరుగులో ఉన్నది. ఎక్స్‌టెన్షన్ ట్యూబులని దొరకు గాజు లేని ఉంగరములను కూడ కొందరు దూరమునకని కొందురు. అవి దగ్గరి వస్తువునకు గాని దూరమునకు కావు. వాటిని తగిలించినచో దూరపు పక్షి అసలే ఫోకసులోనికి రాదు.

దర్పణ కటకములకు కొంత ముచ్చట గలదు. వీనిలో వెలుతురు వంపుటద్దములపై బడి ముందుకు వెనుకకు మరలుటచే 500 మిల్లీమీటర్ల నాభ్యంతరము చెంబంత గొట్టములో ఇముడును. సోవియట్ శాస్త్రజ్ఞుడు మాక్సుతోవ్ 1941లో రూపొందించిన పద్ధతి ననుసరించి ఆ దేశమున చేసిన ఇట్టి కటకములు నేటికిని పాతసామానులో దొరకుచున్నవి. తేలిక, చౌక. కాని ద్వారము ఎఫ్ 8 వద్ద స్థిరము, ఫోకసు చేతితోనే, రంగులు కొంచెము వెలవెల. పక్షి వెనుక నీటిపై మెరుపులున్నచో అవి గారెలవలె నడుమ చిల్లులతో వచ్చును. అది కొందరికి అందము, నాకు కాదు.

కుటుంబమంతయు వాడుకొనుటకు ఒకే కెమెరా కావలెననువారికి, కటకము ఊడదీయ వీలులేని సూపర్‌జూమ్ కెమెరాలను నేను నిస్సంకోచముగా చెప్పుదును. నికాన్ సంస్థ 2015లో తెచ్చిన పి900కు 2,000 మిల్లీమీటర్ల దూరమని ప్రచారము. వాస్తవముగా దాని నాభ్యంతరము 357 మిల్లీమీటర్లే. సెన్సారు చిటికెనవ్రేలి గోరంత యగుటచే ఆ పోలిక వచ్చినది. మంచి వెలుతురులో అది చూపు గూడబాతు కన్ను ఆశ్చర్యము కలిగించును. సూర్యుడు మబ్బు చాటునకు పోయినచో చిత్రమునిండ ఇసుక చల్లినట్లగును.

బైనాక్యులరు ఇంటనున్నవారికి ఇంకొక దారి. 1999లో మలేసియాకు చెందిన లారెన్స్ పో అను పక్షిప్రియుడు తన డిజిటల్ కెమెరాను పక్షులను చూచు దూరదర్శిని కంటిగాజునకు ఆనించి చిత్రము తీసి ఒక కొత్త పద్ధతికి ప్రచారము తెచ్చెను. ఎనిమిదిరెట్ల బైనాక్యులరు కంటిగాజునకు టెలిఫోనును ఆనించినచో, 26 మిల్లీమీటర్లకు సమానమైన దాని చూపు 208కి సమానమగును. చేయి కదలుటయే చిక్కు. అట్టముక్కను గుండ్రముగా చుట్టి, ఒకవైపు కంటిగాజునకు, మరియొకవైపు ఫోను కెమెరాకు సరిపోవునట్లు జిగురుటేపుతో అమర్చుకొనినచో పిల్లలు కూడ చేయగలరు. చందమామను ఈ విధముగా తీయుట మంచి అభ్యాసము. అది ఎగిరిపోదు.

దూరమును లాగిన కొలది వణుకును కూడ లాగుదుము. షట్టరు వేగము సెకనులో ఎన్నవవంతు ఉండవలెనన్నచో, చిన్న సెన్సారునకు సరిపెట్టిన నాభ్యంతరమంత అని పాత సూత్రము. 300 కటకమునకు 500వ వంతు అనుకొనవచ్చును. స్టాండు లేకున్నను గుడ్డసంచిలో సగమువరకు ఇసుకయో బియ్యమో పోసి, గోడమీదనో కారు కిటికీమీదనో ఉంచి, కటకమును దానిలో కూరుచుండబెట్టినచో చాలును. ఇంతకంటె చౌకగా స్పష్టతను పెంచు సాధనము నేనెరుగను. ఎండ ముదిరిన తరువాత మాత్రము ఏ సంచియు, ఏ కటకమును పనిచేయవు. పులికాటు సరస్సు బురదనేలపై 300 మీటర్ల దూరముననున్న ఫ్లెమింగోలను పదిగంటలవేళ చూచినచో వేడిగాలి తెరలలో అవి నీటిలోని నీడలవలె వంకరలు పోవుచుండును. పెద్ద కటకము ఆ వంకరలనే పెద్దవిగా చూపును. తెల్లవారి మొదటి రెండు గంటలు అందరికిని సమానముగా ఇచ్చిన కటకము.

ఇప్పుడు దుకాణములో దొరకని అంకెకు వత్తును. దూరము సగమైనచో ప్రతిబింబము రెట్టింపగును. కన్వర్టరువలె ఇది వెలుతురును తినదు. 20 మీటర్ల లకుముకిని 10 మీటర్లనుండి తీసినచో 300 కటకమే 600 పని చేయును. బ్రిటనులో రిచర్డ్, చెర్రీ కేర్టన్ సోదరులు 1900 ప్రాంతమున, పొడవైన కటకములు చేతికందని కాలమున, ఎద్దుచర్మముతో బోలుగా ఒక ఎద్దును చేయించి, దాని కడుపులో కెమెరాతో కూర్చుండి పక్షులను తీసిరి. మన దక్షిణదేశమున మదరాసు నివాసియైన ఎం. కృష్ణన్ వివిధ కెమెరాల భాగములను కలిపి తానే కూర్చుకొన్న బరువైన యంత్రమునకు 'సూపర్ పాండరోసా' అని పరిహాసముగా పేరుపెట్టి, దానితోనే ఏనుగులను, అడవిదున్నలను నలుపుతెలుపులలో తీసెను. వారి బలము గాజులో కంటె జంతువు నడవడిని ఎరిగి ఉండుటలో ఉన్నది.

మనకు ఎద్దుబొమ్మ అక్కరలేదు. కారును, ఆటోను పక్షులు మనిషివలె శంకింపవు. దిగకుండ కిటికీలోనుండి తీయుటయే ఉపాయము. నాగలి వెంటనో ట్రాక్టరు వెంటనో కొంగలు నాలుగడుగుల దూరమున నడచును. గట్టుమీద కొత్తగా నిలిచిన ప్యాంటువానిని చూచి లేచిపోవును. కావున రైతు అనుమతితో గట్టున కూర్చుండిపోవలెను. నిలువవలదు, నేరుగా పక్షివైపు నడువవలదు, చేయి చూపవలదు. లకుముకి, పాలపిట్ట వేటాడి మరల అదే కొమ్మకు, అదే తీగకు వచ్చుట అలవాటు. ఒకటి రెండు దినములు కెమెరా లేకుండ వెళ్ళి ఆ చోటు గుర్తించి, పక్షి లేనప్పుడు వచ్చి కూర్చుండినచో అదియే మన దగ్గరకు వచ్చును.

ఈ చౌకదారికి కూడ వెల ఒకటి కలదు. అది మనము చెల్లింపము, పక్షి చెల్లించును. గూటివద్ద మనిషి కనబడగానే తల్లి లేచును. గుడ్లమీద ఎండ పడును, కొద్ది నిమిషములలో కాకి దిగును. చిత్రము బాగుగా వచ్చుటకని గూటికి అడ్డమైన కొమ్మలను వంచుట, విరుచుట ఇంకను ఘోరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గుడ్లను పాడుచేయుటను, గుడ్లను గూళ్ళను కలవరపరచుటను గూడ 'వేట' అను మాటలోనే చేర్చినది. తుపాకి పట్టినవానికిని, కెమెరా పట్టి గూడు చెదరగొట్టినవానికిని చట్టము ఒకే పేరు పెట్టినదని చాలమంది ఎరుగరు. కావున గూడున్నచోట లెక్క తలక్రిందగును. అక్కడ దూరమును తగ్గింపరాదు, నాభ్యంతరమునే పెంచుకొనవలెను, లేదా చిన్నచిత్రముతో తృప్తిపడవలెను. నేలపట్టు ఊరివారు ఈ మర్యాదను ఎవరును చెప్పకయే పాటించుచున్నారు. రెట్టలు కలిసిన చెరువునీరు పొలమునకు బలమని వారి నమ్మకము. గూడబాతులు రాని ఏడు వారికి మంచి ఏడు కాదు.

టవరుపైనున్న కుర్రవానికి నేను ఇంత ప్రసంగము చేయలేదు. అప్పు వలదంటిని. 70–300 పాతది చూచి కొనుమని, టార్చిలైటు తీసికొని వెళ్ళుమని చెప్పితిని. చెరువులోనికి దిగి దగ్గరకు పోవచ్చునా అని అడుగగా, ఆ సీజనులో కూడదని గట్టిగానే చెప్పవలసివచ్చినది. ఫిబ్రవరి చివర మరల ఆ టవరుపైననే కనబడెను. కటకమునకు పాత యజమాని గోటిగీతలున్నవి, గాజు శుభ్రముగా ఉన్నది. వాళ్ళమ్మ కుట్టిన బియ్యపుసంచిని కటకడా మీద ఉంచి కూర్చుండియున్నాడు. తల్లిగొంతులో సగముదాక తల దూర్చిన పిల్లయొకటి ఆ తెరలో స్పష్టముగా ఉన్నది. మరి మిగిలిన ధాన్యపు సొమ్ము ఏమి చేసితివని అడిగితిని. "నాన్నగారికి తిరిగి ఇచ్చేశానండీ. ఆయనే ఒక బైనాక్యులరు కొనుక్కున్నారు" అనెను.